కథల్లో ఒక కేథరీన్, ఉత్తరాల్లో ఇంకొక కేథరీన్

ఇటలీలోని సియెనా పురవాసిని పునీత కేథరీన్ (1347–1380) జీవితంలో చిత్రకారులు మళ్ళీ మళ్ళీ గీసిన ఘట్టం ఆమె దివ్యవివాహం. క్రీస్తు స్వయంగా వచ్చి ఆమె వేలికి ఉంగరం తొడిగాడని కథ. ఆమె పాపాల ఒప్పుకోలు వినే పాపసంకీర్తన గురువుగా ఉండి, ఆమె మరణానంతరం జీవితచరిత్ర రాసిన కపువా రేమండ్ ఆ ఉంగరాన్ని వివరంగా వర్ణించాడు. అది బంగారు ఉంగరం. చుట్టూ నాలుగు ముత్యాలు, నడుమ ఒక వజ్రం. ఆరు శతాబ్దాలుగా భక్తుల మనసుల్లో నిలిచిపోయింది ఈ ఉంగరమే.

కేథరీన్ తన మాటల్లో చెప్పిన ఉంగరం వేరు. పీసా నగరంలోని ఒక మఠకన్యకు రాసిన ఉత్తరంలో ఆమె ఈ వివాహం గురించి ప్రస్తావించింది. క్రీస్తు వివాహమాడింది వెండి ఉంగరంతో కాదు, తన మాంసంతో చేసిన ఉంగరంతో అని రాసింది. బాలయేసుకు సున్నతి జరిగినప్పుడు చిందిన రక్తం, తెగిన చర్మం ఆమె దృష్టిలో ఆ ఉంగరం. అంతకంటే ముఖ్యమైన మాట ఆ పక్కనే ఉంది. ఆయన నిన్ను మాత్రమే కాదు, ప్రతి ప్రాణినీ అలాగే వివాహమాడాడని ఆమె చెబుతుంది. రేమండ్ కథలో ఆ వివాహం ఒక అసాధారణ స్త్రీకి దక్కిన భాగ్యం. కేథరీన్ ఉత్తరంలో అది మనుషులందరికీ దక్కినది, నగల పెట్టెతో సంబంధం లేనిది, నొప్పితో ముడిపడినది.

ఈ తేడా ఒక్క ఉంగరంతో ఆగదు. కేథరీన్ గురించి లోకానికి తెలిసినదానిలో ఎక్కువ భాగం ఆమెను అభిమానించిన మగవాళ్ళు రాసిన కథల నుంచి వచ్చింది. అందులో అద్భుతాలు, ఉపవాసాలు, పారవశ్యాలు నిండి ఉంటాయి. ఆమె చెప్పి రాయించిన ఉత్తరాల్లో రాజకీయం, కోపం, వాదన, తొందర, ప్రేమ ఉంటాయి. ఆమెను పునీతురాలిగా నిలబెట్టింది కథలే కావచ్చు. ఆమె గొప్పతనం మాత్రం ఉత్తరాల్లో ఉంది.

ఆమె పుట్టిన మరుసటి ఏడాదే సియెనాను ప్లేగు కమ్మేసింది. 1348లో ఆ నగర జనాభాలో సగమో అంతకుమించో తుడిచిపెట్టుకుపోయిందని చరిత్రకారుల అంచనా. అగ్నోలో దీ తూరా అనే వృత్తాంతకారుడు తన అయిదుగురు బిడ్డలను తన చేతులతోనే పాతిపెట్టానని రాసుకున్నాడు. నగరం ఎంతో ఆశతో మొదలుపెట్టిన కథెడ్రల్ విస్తరణ మధ్యలోనే ఆగిపోయింది. పూర్తికాని ఆ మొండిగోడ సియెనాలో ఇప్పటికీ నిలబడి ఉంది. ఆ తర్వాతి కాలంలోనూ ప్లేగు విడతలు విడతలుగా వస్తూనే ఉంది. 1355లో నగరపాలన తలకిందులైంది. జీతం కోసం యుద్ధం చేసే కిరాయి సేనలు ఊళ్ళ మీద పడి దోచుకునేవి. చావు, అస్థిరత కేథరీన్ తరానికి బాల్యం నుంచీ తెలిసినవే.

తండ్రి జాకొమో బెనింకాసా బట్టలకు రంగులు అద్దే వృత్తి చేసేవాడు. ఫోంతెబ్రాండా ఊటకు దగ్గర్లో ఇల్లు, అక్కడే పని. తల్లి లాపా పాతిక మంది పిల్లలను కన్నదని రేమండ్ రాశాడు. కేథరీన్ కవలల్లో ఒకరు. రెండో పాప బతకలేదు. అక్క బోనవెంతూరా 1362లో ప్రసవ సమయంలో చనిపోయింది. కేథరీన్‌కు పెళ్ళి చేయాలని ఇంట్లో గట్టి ఒత్తిడి మొదలైంది. ఆమె జుట్టు కత్తిరించేసుకుంది. ఏడేళ్ళ వయసులోనే కన్యగా ఉండిపోతానని మొక్కుకుందనీ, ఆ మాట నిలబెట్టుకోవడానికే ఇలా చేసిందనీ జీవితచరిత్ర చెబుతుంది. ఆ మాట నిజమే కావచ్చు. అయితే తల్లి శరీరం పాతిక కాన్పులకు ఎలా అరిగిందో, అక్క ప్రాణం ఎలా పోయిందో కళ్ళారా చూసిన పదిహేనేళ్ళ పిల్ల పెళ్ళిని ఎందుకు వద్దన్నదో అర్థం చేసుకోవడానికి మొక్కు ఒక్కటే కారణం కానక్కర్లేదు.

శిక్షగా ఇంట్లోవాళ్ళు ఆమె గది లాక్కున్నారు, వంటింటి చాకిరీ అంతా ఆమె మీద వేశారు. ఏకాంతం లేని ఆ ఇంట్లోనే ఆమె మనసులో ఒక గది కట్టుకుంది. తర్వాతి ఉత్తరాల్లో పదే పదే వచ్చే ‘స్వీయజ్ఞానపు గది’ అనే భావన వెనుక ఈ అనుభవం ఉంది. తలుపు వేసుకునే గది లేనివాళ్ళు, బజారులో, వంటింట్లో, రోగుల మధ్య బతికేవాళ్ళు కూడా లోపలి గదిలో ఉండవచ్చని ఆమె నేర్పింది. మఠాలకే పరిమితమైన ధ్యానజీవితాన్ని మామూలు మనుషుల ఇళ్ళలోకి తెచ్చిన ఆలోచన ఇది.

ఆ రోజుల్లో ఆమె స్థాయి ఆడపిల్ల ముందు రెండే దారులు ఉండేవి: పెళ్ళి, లేదంటే మఠం. కేథరీన్ రెండూ కాదంది. డొమినికన్ సన్యాసుల సభకు అనుబంధంగా ఉండే ‘మాంతెల్లాతె’ అనే స్త్రీల బృందంలో చేరింది. వాళ్ళు తెల్లని అంగీ మీద నల్లని పైవస్త్రం వేసుకునేవాళ్ళు. మఠం గోడల మధ్య కాక ఎవరి ఇంట్లో వాళ్ళు ఉంటూ ప్రార్థన, సేవ చేసేవాళ్ళు. అందులో ఎక్కువ మంది వితంతువులు కనుక ఒక యువతిని చేర్చుకోవడానికి మొదట వెనకాడారు. ఈ ఎంపికే ఆమె తర్వాతి జీవితాన్ని సాధ్యం చేసింది. మఠంలో చేరి ఉంటే పోపులు అప్పుడు ఉంటున్న ఆవిన్యోనుకు గానీ ఫ్లోరెన్సుకు గానీ ఆమె ప్రయాణించే వీలే ఉండేది కాదు.

దాదాపు మూడేళ్ళు ఇంట్లోనే మౌనంగా గడిపాక ఆమె బయటికి వచ్చింది. కథెడ్రల్‌కు ఎదురుగా ఉన్న సాంతా మరియా దెల్లా స్కాలా ఆసుపత్రిలో రోగులకు సేవ చేసింది. ఎవరూ దగ్గరికి వెళ్ళని కుష్ఠు రోగులకు, తన మీద నిందలు వేసిన రోగులకు కూడా చేసింది. 1374లో ప్లేగు మళ్ళీ విరుచుకుపడినప్పుడు ఆమెతో కలిసి పనిచేసినవాళ్ళలో రేమండ్ ఒకడు. వాళ్ళ స్నేహం గట్టిపడింది అప్పుడే.

ఆమె చుట్టూ ఒక గుంపు చేరింది. గొప్పింటి యువకులు, కవులు, చిత్రకారులు, గురువులు, వితంతువులు. నేరీ పాల్యారేసీ, స్తెఫానో మాకోనీ లాంటి చదువుకున్న యువకులు ఆమెకు లేఖకులయ్యారు. తమకంటే పెద్దగా వయసు లేని, బడికి వెళ్ళని ఆమెను వాళ్ళు అమ్మా అని పిలిచేవాళ్ళు. అందులోని చిత్రకారుడు ఆంద్రేయా వాన్నీ గీసిన ఆమె చిత్రం సియెనాలోని సాన్ దొమెనికో ఆలయంలో ఇప్పటికీ ఉంది. ఆమెను కళ్ళారా చూసిన మనిషి గీసిన రూపం కనుక దానికి తర్వాతి వందల చిత్రాలకు లేని విలువ ఉంది.

ఇక ఉత్తరాలు. దాదాపు 380 మిగిలాయి. పోపులకు, కార్డినళ్ళకు, ఫ్రాన్సు రాజు అయిదవ చార్లెస్‌కు, నేపుల్స్ రాణి జొవాన్నాకు, మిలాను పాలకుడు బెర్నాబో విస్కోంతికి, కిరాయి సేనానాయకుడు జాన్ హాక్‌వుడ్‌కు రాసినవి వాటిలో ఉన్నాయి. తల్లి లాపాకు, అన్నదమ్ములకు, ఒక దర్జీకి, జైలులో ఉన్న ఖైదీలకు రాసినవీ ఉన్నాయి. భాష లాటిన్ కాదు, సియెనా జనం మాట్లాడుకునే తుస్కన్ ఇటాలియన్. తాను చదవడం ఎదిగాక నేర్చుకుంది. ఒకేసారి ఇద్దరు ముగ్గురు లేఖకులకు వేర్వేరు ఉత్తరాలు చెప్పేదని శిష్యులు గుర్తు చేసుకున్నారు.

ఆ ఉత్తరాల నిర్మాణం గమనించదగ్గది. మొదలు దాదాపు ఎప్పుడూ ఒక్కటే: యేసుక్రీస్తు సేవకులకు సేవకురాలిని, దాసిని అయిన కేథరీన్ అనే నేను, ఆయన అమూల్య రక్తంలో మీకు రాస్తున్నాను. వెంటనే రెండో మెట్టు: మిమ్మల్ని ఫలానా విధంగా చూడాలనే కోరికతో. ఈ ‘ఫలానా’ దగ్గరే అసలు విషయం ఉంటుంది. రాణికి రాస్తే న్యాయం నిలబెట్టేదానిగా, పోపుకు రాస్తే భయం లేనివాడిగా చూడాలనే కోరిక. ఆ తర్వాత బోధ సాగుతుంది. చివరికి వచ్చేసరికి దాసి స్వరం మారిపోతుంది. ‘నేను కోరుతున్నాను’ అన్న మాట ఆజ్ఞలా పడుతుంది. అందరికంటే కింద నిలబడి మొదలుపెట్టి, దేవుని పేరున అందరికంటే పైనుంచి మాట్లాడుతుంది. ఏ పదవీ లేని స్త్రీకి ఆ కాలంలో మాట్లాడే అర్హత ఎక్కడిది అన్న ప్రశ్నకు ఆమె కనిపెట్టిన జవాబు ఈ రూపమే.

అన్నింటిలోకీ మరపురాని ఉత్తరం ఒకటి 1375లోది. పెరూజియాకు చెందిన నికొలో దీ తోల్దో అనే యువకుడికి సియెనా ప్రభుత్వం రాజకీయ నేరం మోపి మరణశిక్ష వేసింది. అతను కోపంతో, భయంతో దేవుణ్ణి కాదంటున్నాడు. కేథరీన్ జైలుకు వెళ్ళి అతన్ని ఊరడించింది. శిక్ష అమలయ్యే చోట తానూ ఉంటానని మాట ఇచ్చింది. ఉంది కూడా. అతని కంటే ముందే వెళ్ళి, నరికే మొద్దు మీద తన తల పెట్టి చూసుకుంది. అతను వచ్చాక పక్కన కూర్చుని మెడ సరిచేసింది. తెగిన తలను రెండు చేతులతో అందుకుంది. తన మీద పడిన అతని రక్తాన్ని కడుక్కోవడానికి మనసు రాలేదని రేమండ్‌కు రాసింది. ఆమె ఉత్తరాల్లో అడుగడుగునా వచ్చే ‘రక్తం’ అన్న మాటను వేదాంత అలంకారంగా కొట్టిపారేసేవాళ్ళు ఈ ఉత్తరం చదవాలి. ఒక మనిషి ఒంటరిగా చావకూడదన్న పట్టుదల ఎంత దూరం వెళ్ళగలదో ఇందులో కనిపిస్తుంది.

రాజకీయాల్లో ఆమె పేరు మారుమోగింది 1376లో. పోపులు 1309 నుంచి రోము వదిలి ఫ్రాన్సు రాజుల ప్రభావం కింద ఆవిన్యోనులో ఉంటున్నారు. ఇటలీలోని శ్రీసభ (కాథలిక్ చర్చి) రాజ్యాలను పాలించే ఫ్రెంచి ప్రతినిధుల మీద అసంతృప్తి పెరిగి, 1375లో ఫ్లోరెన్సు పోపుకు ఎదురు తిరిగింది. పోపు 11వ గ్రెగరీ 1376 మార్చిలో ఫ్లోరెన్సులో దివ్యసంస్కారాలను నిలిపివేశాడు. సంధి కుదిర్చే ప్రయత్నంలో కేథరీన్ ఆ జూన్‌లో ఆవిన్యోనుకు వెళ్ళింది. రాయబారిగా ఆమె విఫలమైంది. వెనకాలే వచ్చిన ఫ్లోరెన్సు అధికారిక రాయబారులు ఆమెను లెక్కచేయలేదు.

అయితే ఆమె అక్కడ ఇంకొక పని పెట్టుకుంది. పోపు రోముకు తిరిగి రావాలి. గ్రెగరీకి రాసిన ఉత్తరాల్లో ఆమె అతన్ని తీయని నాన్నా అని పిలుస్తుంది. ఆ వెంటే పిరికితనం వదిలి మగవాడిలా నిలబడమని అంటుంది. చెడిన మతాధికారులను శ్రీసభ తోటలో కుళ్ళిన పూలతో పోల్చి, వాటిని పీకెయ్యమని చెబుతుంది. గ్రెగరీ 1376 సెప్టెంబరు 13న ఆవిన్యోను వదిలి, 1377 జనవరి 17న రోములో అడుగుపెట్టాడు.

ఆమె వల్లనే పోపు కదిలాడని భక్తి కథలు చెబుతాయి. ఇది అతిశయోక్తి. తిరిగి వెళ్ళాలన్న ఆలోచన గ్రెగరీకి అంతకు ముందే ఉంది. 1373లో మరణించిన స్వీడన్ పునీత బ్రిజిత కూడా అదే కోరుతూ వచ్చింది. ఇటలీలోని రాజ్యాలు చేజారిపోతాయన్న భయమూ ఉంది. కేథరీన్ చేసింది తటపటాయిస్తున్న మనిషికి ధైర్యం చెప్పడం. అది చిన్న విషయమేమీ కాదు. చుట్టూ ఉన్న కార్డినళ్ళలో అత్యధికులు ఫ్రెంచివాళ్ళు, వద్దని లాగుతున్నవాళ్ళు.

ఆమె రాజకీయ దృష్టిలో ఒక చీకటి కోణం ఉంది, దాన్ని దాచకూడదు. క్రైస్తవులు తమలో తాము కొట్టుకోవడం మాని ముస్లింల మీద పవిత్రయుద్ధానికి వెళ్ళాలని ఆమె గట్టిగా వాదించింది. హాక్‌వుడ్‌కు రాసిన ఉత్తరం సారాంశం అదే: ఇటలీని దోచుకోవడం ఆపు, ఆ కత్తిని అటు తిప్పు. శాంతి కోసం అంతగా తపించిన మనిషి ఆ శాంతిని మరొకచోట యుద్ధంతో కొనాలనుకుంది. ఆ యుద్ధం జరగలేదు కనుక ఆ మాటల పర్యవసానం చరిత్రలో కనబడదు. అంతమాత్రాన అవి మెచ్చదగినవి కావు.

పోపు రోముకు వచ్చాక శాంతి వస్తుందని ఆమె నమ్మింది. వచ్చింది వేరు. 1377 ఫిబ్రవరిలో చెసేనా పట్టణంలో పోపు తరఫున పోరాడుతున్న కిరాయి సేనలు వేలమంది జనాన్ని ఊచకోత కోశాయి. ఆ సేనల వెనుక ఉన్నది కార్డినల్ జెనీవా రాబర్ట్. 1378 మార్చి 27న గ్రెగరీ మరణించాడు. రోము జనం ఇటాలియన్ పోపు కావాలని వీధుల్లో అరుస్తుండగా, ఏప్రిల్ 8న బారీ అగ్రపీఠాధిపతి 6వ అర్బన్‌గా ఎన్నికయ్యాడు. అతను కఠినుడు, నోటి దురుసు మనిషి. కొన్ని నెలల్లోనే కార్డినళ్ళు ఎన్నిక చెల్లదని చెప్పి, సెప్టెంబరు 20న ఫోందీలో ఇంకో పోపును ఎన్నుకున్నారు. ఆ కొత్త పోపు ఎవరో కాదు, చెసేనా రక్తం అంటిన జెనీవా రాబర్టే. శ్రీసభ రెండుగా చీలింది. ఆ చీలిక మానడానికి 1417 వరకు, కాన్‌స్టాన్స్ మహాసభ దాకా పట్టింది.

అదే 1378 వేసవిలో ఫ్లోరెన్సులో సంధి కోసం మళ్ళీ ప్రయత్నిస్తుండగా అల్లరిమూక కేథరీన్‌ను చంపడానికి వచ్చింది. ప్రాణాలతో బయటపడినందుకు ఆమె సంతోషించలేదు. విశ్వాసం కోసం ప్రాణమిచ్చే వేదసాక్షి మరణం తృటిలో తప్పిపోయిందని రేమండ్‌కు దుఃఖంతో రాసింది. ఫ్లోరెన్సుతో సంధి జూలైలో అర్బన్ హయాంలో కుదిరింది. అప్పటికి పెద్ద తుఫాను మొదలైపోయింది.

చీలికలో ఆమె అర్బన్ పక్షాన నిలిచింది. ఎన్నిక సక్రమంగా జరిగిందన్నది ఆమె వాదన. ముగ్గురు ఇటాలియన్ కార్డినళ్ళకు రాసిన ఉత్తరంలో కోపం కట్టలు తెంచుకుంది. మీరే ఎన్నుకుని, మీరే మొక్కి, ఇప్పుడు మీరే కాదంటున్నారు. అప్పుడు అబద్ధమాడారా, ఇప్పుడు ఆడుతున్నారా అని నిలదీసింది. లెచ్చేతో అడవిలో తపస్సు చేసుకునే ఇంగ్లీషు సన్యాసి విలియం ఫ్లీట్‌ను రోముకు రమ్మని పిలిస్తే, ఏకాంతం చెడుతుందని అతను రానన్నాడు. దేవుడు అడవిలో తప్ప దొరకడా అన్న అర్థంలో ఆమె జవాబు రాసింది. అదే సమయంలో అర్బన్ క్రూరత్వాన్ని ఆమె సమర్థించలేదు. మృదువుగా ఉండమని అతనికీ రాసింది. పదవి సక్రమమైనది కావడం, పదవిలో ఉన్నవాడు సజ్జనుడు కావడం వేర్వేరు విషయాలని ఆమెకు స్పష్టంగా తెలుసు.

1378 నవంబరు నాటికి అర్బన్ పిలుపు మీద ఆమె రోము చేరింది. ఒళ్ళు అప్పటికే క్షీణించింది. ఏళ్ళ తరబడి ఆమె దాదాపు ఏమీ తినలేకపోయేది. తిన్నా బలవంతంగా కక్కుకునేది. సమకాలికుల్లో కొందరు దీన్ని పవిత్రత అన్నారు, కొందరు దయ్యం పనేమోనని అనుమానించారు. ఇప్పటి పండితుల్లో కొందరు తిండికి సంబంధించిన మనోరుగ్మతగా చూశారు. మరికొందరు, మధ్యయుగ స్త్రీల చేతిలో ఉన్న ఏకైక వస్తువు ఆహారమేననీ, దాన్ని వదులుకోవడంలో వాళ్ళ స్వతంత్రం, భక్తి రెండూ ఉన్నాయనీ వాదించారు. కేథరీన్ స్వయంగా ఇందులో గొప్ప చూడలేదు. విమర్శించిన ఒక మతస్థుడికి జవాబిస్తూ, అందరిలా తినగలిగేలా తన కోసం ప్రార్థించమని కోరింది. ఆమె ఉపవాసాన్ని ఆదర్శంగా చూపే భక్తి పుస్తకాలు ఈ ఉత్తరాన్ని కూడా అచ్చువేయాలి.

1380 ఫిబ్రవరిలో రేమండ్‌కు రాసిన చివరి ఉత్తరాల్లో, రోజూ పునీత పేతురు ఆలయానికి నడిచి వెళుతున్న తనను చూస్తే చచ్చిన మనిషి నడుస్తున్నట్టు ఉంటుందని చెప్పింది. ఏప్రిల్ 29న, 33 ఏళ్ళ వయసులో, రోములో మరణించింది. తల్లి లాపా అప్పటికి బతికే ఉంది.

ఆ తర్వాత మొదలైంది ఆమెను పునీతురాలిగా తీర్చిదిద్దే పని. దేహాన్ని రోములోని సాంతా మరియా సోప్రా మినెర్వా ఆలయంలో ఉంచి, తలను సియెనాకు తీసుకువెళ్ళారు. రేమండ్ డొమినికన్ సభకు అధిపతి అయ్యాడు. ఆ బాధ్యతల మధ్య చాలా ఏళ్ళు తీసుకుని 1395లో జీవితచరిత్ర పూర్తి చేశాడు. వెనీసులో తొమాసో కఫ్ఫరీనీ సాక్ష్యాలు, ఉత్తరాలు సేకరించాడు. అతని శ్రమ లేకపోతే ఆ ఉత్తరాల్లో ఎన్నో మనకు దక్కేవి కావు. 1461లో ఆమెను పునీతురాలిగా ప్రకటించిన పోపు 2వ పయస్ సియెనా ప్రాంతానికి చెందిన పికొలొమినీ వంశస్థుడే. ఆమెకు 1375లో పీసాలో కలిగాయని చెప్పే పంచగాయాల (సిలువ మీద క్రీస్తుకు తగిలిన గాయాల) విషయంలో డొమినికన్లకు, ఫ్రాన్సిస్కన్లకు పెద్ద గొడవ జరిగింది. ఆ గౌరవం ఒక్క అసీసీ ఫ్రాన్సిస్‌కే చెందుతుందని ఫ్రాన్సిస్కన్ల పట్టు. ఆ సభకే చెందిన పోపు 4వ సిక్స్‌టస్, కేథరీన్‌ను గాయాలతో చిత్రించకూడదని నిషేధించాడు కూడా. ఆమె అడిగిన సంస్కరణల మీద జరగవలసిన చర్చ ఆమె అరచేతుల మీద జరగడం విచారకరం.

ఉత్తరాలు మాత్రం తమ దారిన తాము వెళ్ళాయి. 1500లో వెనీసులో ఆల్డస్ మనూషియస్ వాటిని అచ్చువేశాడు. ఆ పుస్తకంలోని కేథరీన్ బొమ్మ చేతిలో ఉన్న పుస్తకం మీద, హృదయం మీద ఉన్న కొన్ని మాటలు పక్కకు వాలిన కొత్త రకం అక్షరాలతో ఉన్నాయి. ఇటాలిక్ అక్షరాలు అచ్చులో తొలిసారి కనబడింది అక్కడే. 1377–78లో ఆమె చెప్పి రాయించిన గ్రంథం ‘సంవాదం’ కూడా వ్యాపించింది. దేవునితో ఆత్మ జరిపే సంభాషణ అది. క్రీస్తును భూమికి పరలోకానికి నడుమ వంతెనగా, ఆయన పాదాలు, ప్రక్క, నోరు మూడు మెట్లుగా ఆమె ఊహించింది. అందులోనే మతగురువుల ధనాశను, కామాన్ని, అహంకారాన్ని పేరుపేరునా ఎండగట్టే సుదీర్ఘమైన భాగం ఉంది.

పెరూలోని లీమాలో ఇంట్లోనే ఉంటూ ప్రార్థన చేసిన పునీత రోజా ఆదర్శంగా తీసుకున్నది కేథరీన్ జీవితాన్నే. 1939లో అసీసీ ఫ్రాన్సిస్‌తో పాటు ఆమెను ఇటలీ పాలక పునీతురాలిగా, 1999లో యూరపు పాలక పునీతుల్లో ఒకరిగా ప్రకటించారు. వీటన్నిటికంటే బరువైనది 1970 అక్టోబరు 4 నాటి నిర్ణయం. ఆ రోజు పోపు 6వ పౌల్ ఆమెకు శ్రీసభ పండితురాలు అన్న బిరుదు ఇచ్చాడు. ఆవిలా తెరెసాకు అదే బిరుదు ఇచ్చింది సరిగ్గా వారం ముందే. అంతవరకు ఆ జాబితాలో ఒక్క స్త్రీ కూడా లేదు.

ఆ బిరుదు తర్వాత కేథరీన్‌ను రెండు వర్గాలూ తమ మనిషి అంటున్నాయి. పోపు భూమ్మీద క్రీస్తు స్థానంలో ఉన్నవాడని ఆమె రాసిన మాటలు విధేయత కోరేవాళ్ళకు ఆధారం. మతాధికారుల తప్పులను బయటపెట్టాలనేవాళ్ళకు, స్త్రీల గొంతు శ్రీసభ పాలనలో వినబడాలనేవాళ్ళకు ఆమె గద్దింపులు ఆధారం. ఎవరికి కావలసిన సగం వాళ్ళు తీసుకుంటున్నారు. గ్రెగరీకి ఆమె రాసిన ఉత్తరాల్లో ఈ రెండు సగాలు విడిగా లేవు. అతను క్రీస్తు స్థానంలో ఉన్నాడని నమ్మింది కనుకే అతని పిరికితనాన్ని సహించలేదు. నోరు మూసుకోవడమే విధేయత అని ఆమె ఎవరికీ, ఒక్క ఉత్తరంలోనూ చెప్పలేదు.